కంటి సంగతి, చేపల సంగతి

నాంపల్లి,
జనవరి 1940.

ప్రియమైన మాబెల్‌కు,

మీ నాయన క్షేమంగ చేరిన్రు. గౌలిగూడల బస్సు దిగంగనే నా భుజం తడిమి "ఎవరు నువ్వు?" అన్నరు. "నేనే మామా, రత్నాన్ని" అన్న. "ఔ, వాసన వస్తనే ఉన్నది" అన్నరు. జట్కాల కూసున్నంక నాంపల్లి టేషను దాటేదాంక ముక్కు మీది నుంచి రుమాలు తియ్యలేదు.

ఇంట్ల అడుగు పెట్టంగనే నిలబడి పీల్చిన్రు. "ఏంది రత్నం, ఎలుక గిట్ల సచ్చిందా?" అన్నరు. చీజు అని చెప్పిన. ఏందో చెప్పమన్నరు. ఆబిడ్స్‌ల మా సేటు దుకాణంల సాహెబులు కొనక మిగిలిన చీజు, బూజు పట్టంగనే పారేయమంటరు, నేను తెచ్చుకుంట, గోధుమపిండి కలిపి పిసికి, జర దూది గూడ కలిపితే గాలానికి గట్టిగ పట్టుకుంటది, హుసేన్‌సాగర్ల జెల్లలు ఆ వాసనకు ఎంత దూరం నుంచైనా వస్తయి అని మొత్తం చెప్పిన. అంత విని "మనుషులు గూడ పోతరు, ఎంత దూరమైనా" అన్నరు. నీ గురించే అనుకుంట.

రాత్రి ప్రార్థనల నా పేరు మీద చానసేపు ఆగిన్రు. నేను పక్కనే ఉన్న. ఆదివారం చర్చికి రాకుండ చెరువుకు పోయేటోళ్ళ సంగతి దేవునికి వివరంగ చెప్పిన్రు. శిష్యులు గూడ చేపలు పట్టేటోళ్ళే గదా అన్న మాట నా నోటి దాంక వచ్చింది. ఆ మాట ఎత్తొద్దని మామ అంతకు ముందే చెప్పిన్రు. ఎత్తలేదు.

కింద ఇంటి ఓనరు వామన్‌రావు గారు కూడ వచ్చి పలకరించిన్రు. ఆయన చీజు మీద ఇంకా కోపంగనే ఉన్నరు. పాలతో చేసిందే గదా అంటే "పాలకు గింత అన్యాయమా?" అన్నరు.

చాదర్‌ఘాట్ కంటి డాక్టరు చూసిండు. రెండు కండ్లకు పొర ఉన్నదట. ముందు కుడి కన్ను కోస్తడట, అది బాగైనంక ఎడమది. వచ్చే నెల. నువ్వు ఫికర్ చేయకు.

నువ్వు జూన్ల మెదక్ బడికి పోయిన సంది ఇంట్ల నీ వస్తువులు ఏవీ జరపలేదు.

జీవరత్నం


మెదక్,
జనవరి 1940.

మీకు వందనాలు.

ఉత్తరం అందింది. మీరు బడిపిల్లల ముందు చదవలేని భాషలో రాస్తున్నారు. 'గిట్ల', 'కూసున్నంక' అని మాట్లాడండి, వద్దనను. కాగితం మీద వద్దు.

నాయనకు చలి పడదు. ఛాతీలో కఫం ఉంది. ఉదయం మిరియాల కషాయం ఇవ్వండి. అన్నం మెత్తగా వండండి. ఉపదేశిగా ముప్పై ఊళ్ళు తిరిగిన మనిషి, ఒక గదిలో కూర్చోలేరు. కూర్చోబెట్టడం మీ పని. ఎవరికైనా వాక్యం చెప్పాలని చూస్తారు, ఆపండి. ఆపరేషన్ అయ్యాక మాట్లాడకూడదని, దగ్గకూడదని ఇక్కడి ఆస్పత్రి నర్సమ్మ చెప్పింది.

ఆ చీజును నాయన ఉన్నన్నాళ్ళయినా ఇంటికి తేకండి.

నేను సెలవు పెట్టి వద్దామనుకున్నాను. నాయన వద్దన్నారు. బోర్డింగులో పిల్లలకు గవదబిళ్ళలు. బడి పెద్దమ్మగారు కూడా వద్దన్నారు. మీరు రమ్మని రాయలేదు.

నా వస్తువులు జరపకపోవడం బాగుంది. దుమ్ము మాత్రం దులపండి.

మాబెల్


నాంపల్లి,
ఫిబ్రవరి 1940.

ప్రియమైన మాబెల్‌కు,

ఆపరేషన్ అయింది. రెండు కండ్లకూ కట్టు కట్టారు. తలకు ఇటూ అటూ ఇసుక మూటలు పెట్టారు, కదలకుండ. (నువ్వు చెప్పినట్లు మంచి భాషల రాస్తున్న.)

పక్క మంచం మీద బేగంబజారు నూనె వ్యాపారి బిచ్చయ్య ఉన్నడు. మామ ఆయనకు రెండో రోజు నుంచే వాక్యం చెప్పుడు మొదలుపెట్టిన్రు. ఆయన కండ్లకు గూడ కట్టు ఉన్నది కాబట్టి లేచి పోలేకపోయిండు. నేను పొద్దున దుకాణానికి పోయే ముందు, సాయంత్రం వచ్చినంక ఆపుతనే ఉన్న. నడుమ ఎవరు ఆపుతరు?

కట్టు ఇంకా ఉన్నది.

మొన్న పొద్దున నేను ఒక్కన్నే హుసేన్‌సాగర్ పోయిన. చలికి చీజు ముద్ద నీళ్ళల్ల రాయి లెక్క అయిపోతున్నది. గాలం ముల్లు బయటికి రాదు, చేప నోట్ల పెట్టుకొని చప్పరించి ఊసేస్తది. గందుకే పిండి తక్కువ చేసి, రెండు చుక్కలు మంచినూనె కలిపిన. అప్పుడు ఒక రవ్వ చేప పడింది. చెయ్యి పొడుగు ఉన్నది. పొలుసులు రాగి పైసల్లెక్క. తోక కాడ ఎరుపు. కట్ట మీద పోయే ఒక పోలీసాయన గూడ నిలబడి చూసిండు. వామన్‌రావు గారు మెట్ల మీద చూసి మొఖం తిప్పుకున్నరు. సగం కూర వండి దవాఖానకు తీస్కపోయిన. మామ తిననన్నరు.

జీవరత్నం


మెదక్,
మార్చి 1940.

మీకు వందనాలు.

నిమ్మకాయ పచ్చడి జాడీ, నాయన ఉన్ని శాలువా పంపుతున్నాను. బస్సు డ్రైవర్ మన సంఘం మనిషే, గౌలిగూడలో అడిగి తీసుకోండి.

కట్టు ఎప్పుడు విప్పుతారు? విప్పితే ఏం కనబడింది? అద్దాలు ఎప్పుడు ఇస్తారు? ఈ మూడింటికీ జవాబు రాయండి. రవ్వ చేప తోక ఏ రంగులో ఉందో నేను అడగలేదు.

నాయన ఎందుకు తిననన్నారు? చేపల పులుసు అంటే ప్రాణం.

మాబెల్


నాంపల్లి,
మార్చి 1940.

ప్రియమైన మాబెల్‌కు,

పచ్చడి అందింది. శాలువా అందింది. మామను ఇంటికి తెచ్చిన. మంచిగనే ఉన్నరు.

ఒక సంగతి జరిగింది. నేను దుకాణానికి పోతే మామ ఒక్కరే ఉండాలె. శంకరమ్మ గారు (వామన్‌రావు గారి భార్య) మధ్య మధ్య పైకొచ్చి చూస్తున్నరు, గని ఆమెకు మన వంటింట్ల కాలు పెట్టుడు కష్టం. ఒకనాడు నేను వచ్చేసరికి గూట్లె పళ్ళెం ఖాళీగ ఉన్నది. వారానికి సరిపోయే ఎర. మామను అడిగిన. "జున్ను బాగున్నది రత్నం, గని జర పాతది" అన్నరు. దవాఖాన నుంచి వచ్చినప్పటి సంది అన్నం ముద్ద ముట్టని మనిషి. బూజు గీకి పెట్టిన చీజు అంత తిన్నరు. జున్ను కాదు, చీజు అని చెప్పిన. పళ్ళెం వేలితోటి తడిమిన్రు. "ఇంకా ఉన్నదా?" అన్నరు.

గప్పటి సంది చీజు రెండు భాగాలు చేస్తున్న. మంచి భాగం మామకు, బూజు భాగం చెరువుకు. మామ బూజు భాగం గూడ అడుగుతరు.

ఇంకోనాడు దుకాణానికే తీస్కపోయిన. ఆబిడ్స్ చప్పుడు ఆయనకు బాగనిపించింది. సేటు కుర్చీ వేయించిండు. ఒక దొరసాని వచ్చి చీజు అడిగింది. నేను కోసి ఇస్తుంటే మామ కుర్చీల నుంచే ఆమెతోటి తెలుగుల "అమ్మా, ఇది చేపలకు చాన మంచిది" అన్నరు. ఆమెకు ముక్క అర్థం కాలేదు. ముసలాయన ఆశీర్వదించిండు అనుకొని, దండం పెట్టి, రెండు డబ్బాలు ఎక్కువ కొన్నది. సేటు మళ్ళ తీస్కరమ్మన్నడు.

ఇంట్ల ఒక్కరినే వదలలేక చెరువుకు గూడ తీస్కపోతున్న. ఆదివారం కాదు. పొద్దున, దుకాణం తెరవక ముందు. మొదటి దినం మూతి ముడుచుకొని కట్ట మీద కూసున్నరు. నేను ముద్ద పిసుకుతుంటే "గట్ల కాదు, ఇటియ్యి" అన్నరు. ఆయన చేతుల బలం ఉన్నది. చపాతి ముద్ద లెక్క వచ్చింది. తర్వాత దారం చేతికి ఇచ్చిన. కర్ర వద్దన్నరు. దారాన్ని చూపుడు వేలు మీద వేసుకొని కూసున్నరు. "రత్నం, కింద ఎవరో తలుపు కొడుతున్నరు" అన్నరు. లాగమన్న. జెల్ల! మీసాలతోటి సహా. నా చేతి కంటె జర పెద్దది. నేను గా చేపనే మూడు రోజుల నుంచి చూస్తున్న, నాకు పడలేదు. జెల్లకు మూడు ముండ్లు ఉంటయి, ఒకటి వీపు మీద, రెండు పక్కలకు. అవి గుచ్చకుండ ఎట్ల పట్టుకోవాల్నో మామకు చెప్పిన. బొటనవేలు ఇటు, నడిమి వేలు అటు. ఆయన ఒక్కసారికే నేర్చుకున్నరు. చేప నల్లగ, కడుపు తెల్లగ, మొఖం మన పాత పాస్టరు గారి మొఖం లెక్క. మామకు ఆ సంగతి చెప్తే చానసేపు నవ్విన్రు.

మామ నీకు దీవెనలు చెప్పమన్నరు.

జీవరత్నం


మెదక్,
ఏప్రిల్ 1940.

మీకు వందనాలు.

మూడు ప్రశ్నలు అడిగాను. మీరు మూడు పేజీలు చేపల గురించి రాశారు. ఒక్క ప్రశ్నకూ జవాబు లేదు.

మా ఆస్పత్రి నర్సమ్మను అడిగాను. కట్టు ఇన్నాళ్ళు ఉండదన్నది. నాయన దారాన్ని వేలితో చూస్తున్నారని రాశారు. చీజును జున్ను అనుకుని తిన్నారని రాశారు. చేప మొఖం ఎట్లా ఉందో మీరు చెబితే నవ్వారని రాశారు. నేను పిల్లలకు చదువు చెప్పేదాన్ని, చదివింది అర్థం చేసుకోవడం నా పని. నాయనకు ఏమీ కనబడడం లేదు. అవునా?

మీ ఉత్తరంలో చేప ఎంత పెద్దదైతే సంగతి అంత చెడ్డదని నాకు ముందే తెలియాల్సింది. మన బిడ్డ పుట్టి ఆ రోజే పోయినప్పుడు నేను దవాఖానలో ఉన్నాను. మీరు చెరువుకు పోయారు. సాయంత్రం వచ్చి నా మంచం పక్కన కూర్చుని, వాలుగ చేప ఎట్లా తప్పించుకుపోయిందో చెప్పారు. చాలాసేపు చెప్పారు. నేను గోడ వైపు తిరిగి పడుకుంటే కూడా చెబుతూనే ఉన్నారు. నేను మెదక్ వచ్చింది ఆదివారం మీరు చర్చికి రానందుకని అందరికీ చెప్పాను. మీకూ అదే చెప్పాను. అది కాదు.

ఇక్కడ బడివాళ్ళు మూడేండ్లు ఇక్కడే ఉంటానని సంతకం అడుగుతున్నారు. జూన్ లోపల చెప్పాలి.

నాయన కంటి సంగతి రాయండి. ఒక్క వాక్యం చాలు. అందులో చేప ఉండకూడదు.

మాబెల్


నాంపల్లి,
ఏప్రిల్ 1940.

అమ్మా మాబెల్,

ఇది నేను చెప్తుంటే నీ మొగుడు రాస్తున్నడు. ఆయన చేతి రాత ఎట్లున్నదో నాకు తెల్వదు, ఓపిక చేసుకొని చదువు.

నా కుడి కన్ను పోయింది. డాక్టరు తప్పు లేదు, నీ మొగుని తప్పు లేదు. మాట్లాడకు అన్నరు, మాట్లాడిన. బిచ్చయ్యకు పాపం, క్షమాపణ, రక్షణ మూడు చెప్పిన, నాలుగోది చెప్పబోతుంటే దగ్గు వచ్చింది. ఆగలేదు. కట్టు లోపల ఏదో వెచ్చగ కారింది. కుట్టు విప్పుకున్నదన్నరు. తర్వాత చీము పట్టింది. నీ మొగుడు దుకాణానికి పోకుండ వారం దినాలు నా మంచం పక్కన నేల మీద పండుకున్నడు. ఎడమ కంటికి వెలుగు, నీడ తెలుస్తయి. మనిషి అడ్డం వస్తే తెలుస్తది. ఎవరో తెల్వదు.

నీకు రాయొద్దని ఒట్టు పెట్టించుకున్నది నేనే. ఆయన అబద్ధం ఒక్కటి గూడ రాయలేదు. చేపల సంగతులన్ని నిజమే. పాస్టరు మొఖం సంగతి గూడ నిజమే అయి ఉంటది.

సిగ్గయింది బిడ్డా. ఊరూర తిరిగి నోరు అదుపుల పెట్టుకోమని చెప్పినోన్ని. నోటి వల్లనే కన్ను పోగొట్టుకున్న. ఆ బిచ్చయ్య రెండు కండ్లతోటి చూసుకుంట ఇంటికి పోయిండు. పోతపోత నా కాళ్ళకు మొక్కి పోయిండు. ఎందుకు మొక్కిండో అడగబుద్ధి కాలేదు.

ఎడమది కోస్తమంటున్నరు. నేను వద్దన్న. గీ వెలుగు, నీడ గూడ పోతే నాకేం మిగులుతది? దేవుని మీద భారం వెయ్యమని అందరికీ చెప్పిన. నా మీద నేనే వేసుకొని కూసున్న. ఇది చెరువు కాడ నీ మొగునికి చెప్పిన. ఆయన గాలానికి ముద్ద పెట్టి దారం నా చేతికిచ్చిండు.

నువ్వు రాకు. నన్ను గిట్ల చూస్తే ఏడుస్తవు. నువ్వు ఏడ్చుడు నాకు కనబడదు, వినబడతది.

నీ నాయన
యేసుదానం

మాబెల్, ఇది నేను రాస్తున్న. మామ మొఖం కడుక్కోను పోయిన్రు. నువ్వు రాసింది చదివిన. కుడి కన్ను పోయింది. ఎడమ కన్ను బాగైతదని డాక్టరు అంటున్నడు. రెండు వాక్యాలయినయి.

జీ.


మెదక్,
ఏప్రిల్ 1940.

నాయనా,

ఉత్తరం అందింది. స్టోర్ గదిలోకి పోయి బియ్యం మూటల మధ్య కూర్చుని ఏడ్చాను. మీకు వినబడలేదు కదా. తర్వాత వచ్చి మూడో తరగతికి లెక్కలు చెప్పాను.

మీరు కోయించుకోండి అని నేను రాయను. వద్దని కూడా రాయను.

మీకు, (ఇది మీకు మాత్రమే. నాయనకు చదివి వినిపించకండి.)

నాయనను ఒత్తిడి చేయకండి. ఆయన పాఠం చెప్పించుకునే మనిషి కాదు. చెరువుకు తీసుకుపోతూ ఉండండి. అడిగితే ఆదివారం కూడా, ఆరాధన అయ్యాక.

ఇక్కడి దొరసానమ్మ తన దేశం పోతూ సామాను పంచిపెట్టింది. నాకు ఒక చీజు డబ్బా, ఒక గొడుగు వచ్చాయి. యుద్ధం వల్ల చీజు ఇక రాదంటున్నారు. డబ్బా పంపుతున్నాను. ఇది బూజు పట్టనిది. సగం నాయనకు పెట్టండి. మిగతా సగం ఏం చేస్తారో నాకు తెలుసు.

వారం దినాలు నేల మీద పడుకున్నారని నాయన చెప్పేదాకా నాకు తెలియదు. అది మీరెందుకు రాయలేదు?

మాబెల్


నాంపల్లి,
జూన్ 1940.

ప్రియమైన మాబెల్‌కు,

వాన పడుతున్నది. డబ్బా ఎప్పుడో అందింది, జవాబు రాయడానికి చానసార్లు కూసున్న. కాగితాలు చింపిన.

దుకాణంల సేటు చీజు బీరువాకు తాళం వేసిండు. ఇంక దొరల సీమ నుంచి సరుకు రాదు, ఉన్నదంత కంటోన్మెంటు దొరలకే అంటున్నడు. బూజు పట్టినదాన్ని గూడ గీకి అమ్ముతున్నడు. నేను నీ డబ్బా మీదనే నడిపిస్తున్న.

నిన్న జరిగింది చెప్త. ఇందుల చేప ఉన్నది. అది లేకుండ నాకు చెప్పరాదు. క్షమించు.

పొద్దున వాన ఆగినంక మామను తీస్కపోయిన. నీళ్ళు ఎర్రగ ఉన్నయి. చీజు ముద్ద వేసి దారం మామ వేలికి ఇచ్చిన. నేను నా కర్ర సర్దుకుంటున్న. మామ ఒక్కసారి లేచి నిలబడ్డరు. "రత్నం, ఇది జెల్ల కాదు" అన్నరు. దారం ఊడుకుంట పోతున్నది. వేలు కోసుకుపోయి రక్తం వచ్చింది. నేను పట్టుకుంట అంటే ఇయ్యలేదు. శాలువా చేతికి చుట్టుకొని నిలబడ్డరు. అది అటు పోతే అటు నడిచిన్రు, ఇటు వస్తే ఇటు. నీళ్ళల్ల పడకుండ నేను ఆయన నడుము పట్టుకున్న. కట్ట మీద పోయేటోళ్ళు ఆగి చూసిన్రు.

చాన సేపటికి దగ్గరికి వచ్చింది. నీళ్ళ మీద ఒక్కసారి పక్కకు తిరిగింది. "ఎట్లున్నది? చెప్పు, చెప్పు" అని మామ అరుస్తున్నరు. నేను చెప్పిన. బొచ్చె, మామా. తల మీ తల కంటె పెద్దది. పొలుసులు రూపాయి బిళ్ళలు. నోరు తెరిస్తే కొబ్బరికాయ పడుతది. మామ "అబద్ధం" అన్నరు. నిజం మామా, ఒట్టు అన్న. "నువ్వు ప్రతి చేపను గట్లనే చెప్తవు. నేను చూడాలె" అన్నరు. దారం తెగింది.

మామ తెగిన దారం కొస వేళ్ళతోటి పట్టుకొని కూసున్నరు. పొద్దెక్కింది, దుకాణం యాళ్ళయిందని లేపిన. ఆబిడ్స్ దాంక నడిచి వచ్చినం. మామను ఇంటికి దింపను జట్కా కోసం నిలబడితే, ఆ చప్పుడుల నా చెవి కాడికి వంగి "ఆ చాదర్‌ఘాట్ డాక్టరు పొద్దున ఎన్ని గంటలకు వస్తడు?" అన్నరు. తొమ్మిదికి అన్న. "పోదాం పా" అన్నరు. దుకాణానికి పోలేదు. డాక్టరు కాడికి పోయినం.

వచ్చే నెల కోస్తరు. మామ షరతు ఒకటే పెట్టిన్రు: పక్క మంచం ఖాళీగ ఉండాలె. డాక్టరు ఒప్పుకున్నడు.

ఇంక ఇది వేరే సంగతి. నువ్వు అడిగితివి, వారం దినాలు నేల మీద పండుకున్నది ఎందుకు రాయలేదని. నాకు గట్లాంటివి రాయరావు. ఆ దినం దవాఖానల నీ మంచం కాడ గూడ గంతే. నేను బిడ్డను చూసిన. నువ్వు చూడలేదు, నిన్ను చూడనియ్యలేదు. నీకు చెప్పాలె అనుకున్న, ఎట్ల మొదలుపెట్టాల్నో తెల్వక చేప సంగతి మొదలుపెట్టిన. దాన్ని ఆపితే ఇది చెప్పాల్సొస్తదని ఆపలేదు.

మామ రావద్దన్నరు. పెద్దమ్మగారు వద్దనొచ్చు. నేను రమ్మంటున్న. నువ్వు రా.

జీవరత్నం


మెదక్,
జూన్ 1940.

మీకు,

శనివారం బస్సుకు వస్తున్నాను. గౌలిగూడకు రండి. పెట్టె బరువుగా ఉంటుంది. పుస్తకాలన్నీ తెస్తున్నాను.

సంతకం పెట్టలేదు.

బిడ్డ ఎట్లా ఉందో నాకు చెప్పాలి. ఇంటికి పోయాక కాదు, జట్కాలోనే చెప్పండి.

మాబెల్


నాంపల్లి,
అక్టోబరు 1940.

నాయనా,

మీరు మెదక్ చేరారని బస్సు డ్రైవర్ చెప్పాడు. అద్దాలు పెట్టుకుని దారి పొడవునా ప్రతి ఊరి పేరూ పైకి చదివారట, పక్కవాళ్ళు నిద్రపోలేదట. అద్దాలు పడుకునేటప్పుడు తీయండి. దిండు కింద పెట్టకండి.

మీరు పోయాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నాకు ఇక్కడే ఒక ప్రైమరీ బడిలో పని దొరికింది. పిల్లలు ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడతారు. నేను దిద్దుతున్నాను. సాయంత్రానికి నేనూ అట్లాగే మాట్లాడుతున్నాను.

చీజు పూర్తిగా అయిపోయింది. ఈయన దిగులుగా తిరుగుతుంటే శంకరమ్మ గారు ఒకనాడు పైకి వచ్చారు. మా ఇంట్లో పాలు విరిగాయి, పారేసేది ఎందుకు, గుడ్డలో కట్టి మూల వేలాడదీస్తే మీ దానిలాగే అవుతుంది కదా అన్నారు. కట్టారు. ఇప్పుడు వాసన కింది నుంచి పైకి వస్తోంది. వామన్‌రావు గారు సాయంత్రాలు టేషను వైపు నడకకు పోతున్నారు. జెల్లలు మాత్రం దాన్ని కూడా తింటున్నాయి.

మీరు అడగలేదు, అయినా చెబుతాను. నేను వచ్చిన శనివారం జట్కాలో ఈయన బిడ్డ సంగతి ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. మీ ఆపరేషన్, కట్టు, ఆ హడావుడిలో నెలలు పోయాయి. పోయిన ఆదివారం చర్చి అయ్యాక నన్ను కట్ట మీదికి రమ్మన్నారు. గాలాలు తేలేదు. రాళ్ళ మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పారు. వెంట్రుకలు ఒత్తుగా ఉన్నాయట. గడ్డం నాదట. ఎడమ చెవి కొంచెం మడత పడి ఉందట, తాను దాన్ని వేలితో సరిచేశారట, మళ్ళీ మడత పడిందట. మూడు సార్లు సరిచేశారట. నేను అడిగినవన్నీ చెప్పారు. ఒక్కటి కూడా పెంచి చెప్పలేదు, నాకు తెలుసు. పేరు పెట్టాము. అది మీరు వచ్చినప్పుడు చెబుతాను.

మాబెల్


మెదక్,
నవంబరు 1940.

ప్రియ కుమార్తె మాబెలుకును, అల్లుడు జీవరత్నమునకును, యేసుదానము తన స్వహస్తముతో వ్రాయునది.

అక్షరములు పెద్దవిగా ఉన్నవని నవ్వకుడి. ఒక పేజీలో పట్టవలసినది నాలుగు పేజీలైనది. కాగితము సంఘము వారిదే.

జీవరత్నమా, నీ పాత ఉత్తరములు మాబెల్ ఇక్కడ పెట్టెలో వదలి పోయినది. కూర్చుండి అన్నియు చదివితిని. నీ చేతి రాత చాల చెడ్డది. పెండ్లినాడు నిన్ను పొర కమ్మిన కన్నులతో చూచి సరే యంటిని. ఆపరేషను తరువాత కట్టు విప్పి డాక్టరు అద్దములు పెట్టినప్పుడు మొదట కనబడినది నీవే. నీవు ఇంత నల్లగా ఉందువని అనుకొనలేదు. కన్నుల క్రింద గుంటలు కూడ చూచితిని. ఆ రోజు ఏమియు అనలేదు. ఇప్పుడు వ్రాయుచున్నాను. వేళకు నిద్రపొమ్ము.

ఇక్కడ సంఘపు పెద్దలు నన్ను మరల ప్రసంగింపుమని అడిగిరి. ఒప్పుకొంటిని. ఇరువది నిమిషములలో ముగించితిని. వారు జబ్బు చేసినదేమో యని ఇంటికి వచ్చి చూచి పోయిరి.

మనుమరాలి పేరు మీరు వచ్చి చెప్పువరకు ఆగలేను. వ్రాసి పంపుడి.

నిన్న సాయంత్రము ఊరి చెరువునకు పోతిని. చీజు లేదు, గోధుమపిండి ముద్దయే. ఒక చిన్న చందమామ చేప పడినది. నా అరచేతిలో సగము లేదు. తడి గుడ్డ మీద పెట్టి అద్దములు సరిచేసుకొని చూచితిని. వెన్ను పచ్చగానున్నది. పక్కకు త్రిప్పిన నీలము, మరల త్రిప్పిన ఏ రంగో నాకు పేరు తెలియదు. కన్ను చుట్టు బంగారు వలయము, అది నన్నే చూచుచున్నది. అంతలో గంట కొట్టిరి. సంఘ సేవకుడు వచ్చి, అయ్యగారూ, జనము కూడియున్నారు, ప్రార్థన వేళయినది అనెను. చేపను నీళ్ళలో విడిచి, వచ్చుచున్నానని చెప్పి, అది పోయిన చోటు చూచుచు ఇంకను కొంతసేపు అక్కడనే కూర్చుంటిని.